ఏటీఎం కార్డంత కంప్యూటరు.. ఊరి గోడకు తాకుతెర

అమర్చేందుకు ఒక పూట చాలు.. నిలకడగా నడపడమే అసలు పని
కరెంటు, ఎండ, తేదీ విషయాల్లో జాగ్రత్త అవసరం

దొర్నిపాడు: కేసీ కాల్వకు నీరు ఎప్పుడు వదులుతారు? చివరి భూముల దాకా పారుతుందా? నారుమడి పోసుకోవాలా, మరో వారం ఆగాలా? ఖరీఫ్ ముంగిట ఆయకట్టు గ్రామాల్లో ఏటా వినిపించే ప్రశ్నలివి. సుంకేసుల వద్ద తీసుకున్న నిర్ణయం దొర్నిపాడు, చాకరాజువేముల, గుండుపాపల రైతుల చెవిన పడేసరికి ఒక నోట పదో తేదీ, మరో నోట ఇరవయ్యో తేదీగా మారిపోవడం పరిపాటి. సెల్‌ఫోన్లు ఇంటింటికీ వచ్చినా ఈ చిక్కు తీరలేదు. నిరుటి సందేశం ఈ ఏటి వార్తగా వాట్సప్‌లో చక్కర్లు కొట్టడం కొత్త కాదు.

నలుగురూ వచ్చిపోయే చోట గోడకు ఒక చిన్న తెర బిగించి, వేలితో తాకగానే కాల్వ నీటి వివరాలు, వాతావరణ సూచన, మార్కెట్ ధరలు తెలుగులో కనిపించేలా ఏర్పాటు చేసుకోవడం ఇప్పుడు పెద్ద కంపెనీలకే పరిమితమైన పని కాదు. ఏటీఎం కార్డుకు కాస్త అటూ ఇటుగా ఉండే కంప్యూటరు బోర్డు, ఏడంగుళాల తాకుతెర, ఒక మెమొరీ కార్డు, సరైన ఛార్జరు ఉంటే డిగ్రీ చదివే విద్యార్థి సైతం ఒక పూటలో అమర్చుకోవచ్చు. అయితే తెర వెలిగినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. మన పల్లెల్లో అది ఏడాది పొడవునా నిజం చెబుతూ నిలబడాలంటే ఏమి చేయాలన్నదే ఈ కథనంలో ముఖ్యాంశం.

ఏమిటీ బోర్డు?

ఇళ్లలో వాడే కంప్యూటరులో ప్రాసెసరు, మెమొరీ, బొమ్మను చూపే భాగం, తీగలు తగిలించే రంధ్రాలు వేర్వేరుగా ఉండి పెద్ద పెట్టెలో అమరి ఉంటాయి. వీటన్నింటినీ ఒకే పలకపై కూర్చితే అది సింగిల్ బోర్డు కంప్యూటరు. ఈ కోవలో అత్యంత ప్రాచుర్యం పొందినది రాస్ప్‌బెర్రీ పై. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు పాఠశాల పిల్లలకు ప్రోగ్రామింగు అలవాటు చేయాలన్న తలంపుతో దీన్ని రూపొందించారు. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల ధరకు విడుదలైంది. ఇప్పటివరకు 6 కోట్లకు పైగా బోర్డులు అమ్ముడయ్యాయి. పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56 మిల్లీమీటర్లు. ఉచితంగా లభించే లినక్స్ ఆధారిత వ్యవస్థపై పనిచేస్తుంది. హార్డ్ డిస్కుకు బదులు సెల్‌ఫోన్లలో వేసే మైక్రో ఎస్‌డీ కార్డే దీనికి ఆధారం.

పాఠశాలల్లో అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు వచ్చాక ఆర్డ్యునో అనే పేరు కూడా విద్యార్థుల నోట వినిపిస్తోంది. రెండూ ఒకటే అనుకోవడం పొరపాటు. ఆర్డ్యునో రకం బోర్డులు సాధారణంగా ఒకే చిన్న ప్రోగ్రామును పదేపదే నడిపిస్తాయి. మోటారు ఆన్ చేయడం, నేలలో తేమ కొలవడం వంటి పనులకు చక్కగా సరిపోతాయి. తెరపై వెబ్ పేజీ తెరవాలన్నా, తెలుగు అక్షరాలను ఒత్తులతో సహా చక్కగా చూపాలన్నా పూర్తి స్థాయి కంప్యూటరు కావాలి.

మనకు కొత్త కాదు

సామాన్యుడికి తాకుతెర కంప్యూటరు అందించాలన్న ఆలోచన మన దేశంలో పాతదే. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజినీర్లు కలసి 2001 ప్రాంతంలో సింప్యూటర్ అనే చేతి కంప్యూటరును తయారు చేశారు. లినక్స్‌తో నడిచే ఆ పరికరం తెరను చిన్న పుల్లతో తాకాల్సి వచ్చేది. పల్లె ప్రజలను ఉద్దేశించి చేసినదైనా 2004లో మార్కెట్లోకి వచ్చేసరికి ధర దాదాపు 10 వేల రూపాయలకు చేరింది. అదే రోజుల్లో సెల్‌ఫోన్లు చౌకగా దొరకడం మొదలు కావడంతో అది నిలదొక్కుకోలేకపోయింది.

తర్వాత 2011 అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం ఆకాశ్ ట్యాబ్లెట్‌ను ఆవిష్కరించింది. తొలి విడత ఆకాశ్ పరికరాల కూర్పు జరిగింది మన హైదరాబాద్‌లోనే. ఏడంగుళాల తెర, అడ్డంగా 800, నిలువుగా 480 చుక్కలు. విశేషమేమంటే 2015 సెప్టెంబరులో రాస్ప్‌బెర్రీ పై సంస్థ విడుదల చేసిన తొలి తాకుతెర కొలతలూ అక్షరాలా ఇవే. తేడా అంతా తాకిడిని గుర్తించే తీరులో ఉంది. ఆకాశ్ తెరను గట్టిగా నొక్కితేగాని స్పందించేది కాదు. ఆ ఇబ్బందిపై విమర్శలు రావడంతో 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్-2లో సుతారంగా తాకినా పనిచేసే తెరను అమర్చారు. తెర ఎంత పెద్దదన్న దానికన్నా అది ఏ రకమన్నదే ముఖ్యమని ఈ అనుభవం చెబుతోంది.

మన రాష్ట్రంలో 2020 మే 30న ప్రారంభమైన రైతు భరోసా కేంద్రాల్లో విత్తనాలు, ఎరువులు కోరేందుకు తాకుతెర కియోస్కులు ఏర్పాటు చేశారు. 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు పంపిణీ చేశారు. అందువల్ల తెరను తాకి పని జరిపించుకోవడం పల్లె వాసులకు వింతేమీ కాదు. వింతల్లా ఆ తెర వెనుక ఏముందో, మొరాయిస్తే ఎలా సరిచేయాలో ఊళ్లో ఒక్కరికీ తెలియకపోవడమే.

బొమ్మ వెళ్లే దారి వేరు.. స్పర్శ వచ్చే దారి వేరు

తాకుతెరను అమర్చేవారు మొట్టమొదట గ్రహించాల్సిన విషయం ఒకటుంది. చూడటానికి ఒకే వస్తువుగా కనిపించినా అందులో రెండు పరికరాలు ఉంటాయి. అడుగున ఉన్నది బొమ్మను చూపే పలక. దానికి సమాచారం బోర్డు నుంచి వెళ్తుంది. పైన ఉన్నది వేలి తాకిడిని పసిగట్టే పారదర్శకమైన పొర. దాని సమాచారం తెర నుంచి బోర్డుకు వస్తుంది. వేలు అడ్డంగా ఎన్నో చుక్క వద్ద, నిలువుగా ఎన్నో చుక్క వద్ద పడిందో రెండు అంకెలుగా చెప్పడమే ఆ పొర పని. బొమ్మ చక్కగా కనిపిస్తూ తాకితే పలకకపోవడానికి, తాకితే పలుకుతూ వేరేచోట బాణం కదలడానికి కారణం ఈ రెండు దారుల్లో ఒకటి తప్పడమే. చాలామంది ఈ సంగతి తెలియక తెర పాడైందని తిరిగి పంపుతుంటారు.

మార్కెట్లో మూడు రకాల తెరలు దొరుకుతున్నాయి. మొదటి రకం డీఎస్ఐ తెరలు. చదునుగా ఉండే రిబ్బను కేబుల్ ఒక్కటే బొమ్మను తీసుకెళ్లి, స్పర్శను తీసుకొస్తుంది. రాస్ప్‌బెర్రీ పై సంస్థ సొంత తెరలు ఈ కోవకే చెందుతాయి. 2024 నవంబరులో విడుదలైన రెండో తరం ఏడంగుళాల తెరలో చుక్కల సంఖ్య 720, 1280కి పెరిగింది. అయితే దాని సహజ స్థితి నిలువు. అడ్డంగా వాడదలిస్తే తిప్పుకోవాలి. రెండో రకం హెచ్‌డీఎంఐ తెరలు. వీటికి టీవీకి వాడే కేబుల్ ద్వారా బొమ్మ, యూఎస్‌బీ కేబుల్ ద్వారా స్పర్శ సంకేతాలు అందుతాయి. యూఎస్‌బీ తీగ పెట్టడం మరచి 'టచ్ రావడం లేదు' అని తల పట్టుకునేవారు తక్కువేమీ కాదు. మూడో రకం మూడున్నర అంగుళాల ఎస్‌పీఐ తెరలు. బోర్డుపై ఉన్న 40 పిన్నుల వరుసపై నేరుగా కూర్చుంటాయి. ధర తక్కువ గనుక ఆకర్షిస్తాయి. కానీ బొమ్మ నెమ్మదిగా మారుతుంది, 480, 320 చుక్కల్లో తెలుగు ఇరుకున పడుతుంది. అమ్మకందారు ఇచ్చిన ప్రోగ్రాము కొత్త ఆపరేటింగ్ వ్యవస్థతో పొసగక మొత్తం స్తంభించిన సందర్భాలూ ఉన్నాయి. తొలిసారి ప్రయత్నించేవారు దీని జోలికి పోకపోవడం మేలు.

స్పర్శ గుర్తించే విధానాన్ని బట్టి మరో విభజన ఉంది. రెసిస్టివ్ తెరలో రెండు పొరల నడుమ సన్నని ఎడం ఉంటుంది. నొక్కినప్పుడు పొరలు కలిసిన చోట ఓల్టేజీని కొలిచి స్థానం తెలుసుకుంటుంది. గోరు, పుల్ల, చేతి తొడుగు దేనితో నొక్కినా పలుకుతుంది. కెపాసిటివ్ తెరలో కంటికి కనిపించని విద్యుత్ గీతల వల ఉంటుంది. మన ఒంటికి విద్యుత్ ఆవేశాన్ని గ్రహించే గుణం ఉన్నందున వేలు దగ్గరకు రాగానే ఆ వలలో కలిగే మార్పును అది పట్టుకుంటుంది. సెల్‌ఫోన్లలో ఉండేది ఇదే. తాకిడి సున్నితంగా ఉంటుంది. కానీ తడి చేతులతోనో, బురద చేతులతోనో తాకితే తికమకపడుతుంది. పొలం నుంచి నేరుగా వచ్చే రైతులు వాడే చోట తెర పక్కన పాత తువ్వాలు ఒకటి వేలాడదీయడం ఏ సాఫ్ట్‌వేరూ చేయలేని మేలు చేస్తుంది.

బిగించే విధానం

ముందుగా మరో కంప్యూటరులో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ఉచిత ప్రోగ్రాము దింపుకొని, దాని ద్వారా 32 జీబీ కార్డుపై ఆపరేటింగ్ వ్యవస్థను ఎక్కించాలి. వినియోగదారు పేరు, సంకేతపదం, వైఫై వివరాలు అప్పుడే నమోదు చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ముందే నిర్ణయించిన పేరు, సంకేతపదం ఇవ్వడం మానేశారు. కాబట్టి పాత పుస్తకాల్లో రాసినవి పనిచేయవు. వాటిని ఎవరికి వారు పెట్టుకొని, ఎక్కడైనా రాసి ఉంచుకోవాలి.

తాకుతెరను కలపడానికి ముందు బోర్డును ఇంట్లోని టీవీకి తగిలించి ఒకసారి నడిపి చూడటం మంచి పద్ధతి. అక్కడ సవ్యంగా వెలిగితే బోర్డు, కార్డు, ఛార్జరు బాగున్నట్లే. తర్వాత వచ్చే చిక్కు ఏదైనా తెర వైపే వెతకవచ్చు. నాలుగో తరం, ఐదో తరం బోర్డులకు ఉండేది సన్నని మైక్రో హెచ్‌డీఎంఐ రంధ్రం. టీవీ కేబుల్ నేరుగా పట్టదు. రెండు రంధ్రాల్లో ఛార్జరుకు దగ్గరగా ఉన్న దానిలోనే పెట్టాలి.

తర్వాత కరెంటు పూర్తిగా తీసేసి రిబ్బను కేబుల్ కలపాలి. నాలుగో తరం బోర్డుపై ఒకే రకమైన రెండు రిబ్బను సాకెట్లు ఉంటాయి. హెచ్‌డీఎంఐ రంధ్రాల పక్కన ఉన్నది కెమెరాది. మెమొరీ కార్డు వైపు అంచున ఉన్నదే తెరది. వీటిని తారుమారు చేస్తే తెర వెలగదు. ఐదో తరం బోర్డులో రెండింటిలో దేనికైనా కలపవచ్చు గానీ సాకెట్ సన్నది. పాత తెరకు వచ్చిన వెడల్పాటి కేబుల్ అందులో పట్టదు. ఒక కొస 22, మరో కొస 15 గీతలున్న కేబుల్ వేరుగా కొనుక్కోవాలి. జీరో పేరుతో వచ్చే చిన్న బోర్డులకు తెర సాకెట్టే లేదు.

సాకెట్‌పై ఉన్న ప్లాస్టిక్ పట్టీని గోటితో సుతారంగా పైకి లేపి, రిబ్బనును వంకర లేకుండా అడుగంటా దింపి, పట్టీని తిరిగి నొక్కాలి. మెరిసే లోహపు గీతలు సాకెట్‌లోని లోహపు పళ్ల వైపు ఉండాలి. బలం ప్రయోగిస్తే పట్టీ విరుగుతుంది. విరిగిన పట్టీ విడిగా దొరకదు.

తొలి తరం తెరకు కరెంటు కోసం ఎరుపు, నలుపు తీగలు ఇస్తారు. ఎరుపు తీగను 40 పిన్నుల్లో రెండోదానికి, నలుపు తీగను ఆరోదానికి తగిలించాలి. రెండో పిన్నులో 5 ఓల్టులు ఉంటాయి. దాని ఎదురుగా ఉన్న మొదటి పిన్నుది 3.3 ఓల్టులే. ఒక్క గడి పక్కకు జరిగినా బోర్డు శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం ఉన్నందున వెలుతురులో, తొందర లేకుండా, రెండుసార్లు లెక్కపెట్టి తగిలించడం అవశ్యం.

వేలు ఒకచోట.. బాణం మరోచోట

సంస్థ సొంత తెరలైతే ప్రత్యేక ప్రోగ్రాములేవీ వేయకుండానే వెలుగుతాయి. గోడకు బిగించేటప్పుడు తీగ పైకి రావాల్సి వస్తే బొమ్మ తలకిందులవుతుంది. ప్రిఫరెన్సెస్ మెనూలోని తెర అమరికల్లో ఓరియంటేషన్ మార్చి బొమ్మను తిప్పుకోవచ్చు. ఇక్కడే అసలు తమాషా మొదలవుతుంది. బొమ్మ తిరిగినా కొన్ని తెరల్లో స్పర్శ పొర పాత దిక్కునే పట్టుకొని ఉంటుంది. పై భాగాన ఉన్న బొత్తాన్ని తాకితే కింద ఉన్నది నొక్కుకుంటుంది. అదే మెనూలో తెర బొమ్మపై నొక్కి టచ్‌స్క్రీన్ అన్న చోట ఫలానా స్పర్శ పొర ఫలానా తెరదేనని జత చేస్తే రెండూ కలిసి తిరుగుతాయి. టీవీని, తాకుతెరను ఒకేసారి కలిపినప్పుడు కూడా ఈ జత చేయడం తప్పనిసరి. రెసిస్టివ్ తెరలకైతే నాలుగు మూలలా గుర్తులను తాకి సరిచూసుకునే ప్రక్రియ ఉంటుంది.

కాసేపటికి తెర నల్లబడటం లోపం కాదు. వాడకం లేనప్పుడు ఆరిపోయే స్క్రీన్ బ్లాంకింగ్ సదుపాయాన్ని కాన్ఫిగరేషన్ మెనూలో తీసేస్తే నిరంతరం వెలుగుతుంది. అయితే రాత్రి పది తర్వాత ఊరి గోడపై తెర వెలిగి ఎవరికి లాభమో ఆలోచించుకోవాలి.

అక్షరాలకు బదులు డబ్బాలు

ఒకప్పుడు తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు చూడాలంటే ఏ పత్రికకా పత్రిక సొంత అక్షరాలను దింపుకోవాల్సి వచ్చేది. ఒకరి అక్షరాలు మరొకరికి పనికొచ్చేవి కావు. 1991 నాటి తొలి ప్రమాణం నుంచే తెలుగుకు యూనికోడ్‌లో స్థానం ఉన్నప్పటికీ అది వాడుకలో స్థిరపడటానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడా బాధ లేదు గానీ, కొత్తగా సిద్ధం చేసిన బోర్డులో తెలుగు ఫాంటు లేకుంటే అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు దర్శనమిస్తాయి. యాడ్ రిమూవ్ సాఫ్ట్‌వేర్ మెనూలో వెతికి లోహిత్, నోటో ఫాంట్లు ఉచితంగా వేసుకోవచ్చు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు కూడా లినక్స్ వినియోగదారులకు చిరపరిచితాలే.

అక్షరాల పరిమాణం విషయంలో కొద్దిపాటి లెక్క అవసరం. తొలి తరం ఏడంగుళాల తెరలో కనిపించే భాగం వెడల్పు సుమారు 155 మిల్లీమీటర్లు. అందులో 800 చుక్కలున్నాయి కాబట్టి మిల్లీమీటరుకు ఐదు చుక్కలు. ఎత్తు 24 చుక్కలున్న అక్షరం అయిదు మిల్లీమీటర్ల లోపే. దగ్గరగా నిలబడి చదువుకోవచ్చు గానీ కళ్లజోడు ఇంట్లో మరచి వచ్చిన పెద్దలకు కష్టం. ఆంగ్లానికి సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. కింద ఒత్తులు, పైన గుడులు ఒకదానికొకటి తగులుతాయి. 48 చుక్కల అక్షరాలు, తగినంత ఎడం పెడితే ఒక పేజీలో ఆరు వరుసలు పడతాయి. ఆరు వరుసల్లో చెప్పలేని విషయాన్ని గోడ తెరపై పెట్టడం ఎలాగూ వృథా. తాకాల్సిన బొత్తాలు కనీసం 20 మిల్లీమీటర్లు, అంటే నూరు చుక్కలు ఉంటే మొరటు వేళ్లకు సైతం పొరపాటు జరగదు. ఏదీ టైపు చేయాల్సిన పని లేకుండా, నాలుగు బొత్తాలతో ముగిసేలా పేజీని రూపొందించడం ఉత్తమం. పేజీని మామూలు వెబ్ పేజీలాగే రాసి, బోర్డు వెలగగానే క్రోమియం బ్రౌజరులో కియోస్క్ పద్ధతిన నిండు తెరపై తెరుచుకునేలా పెట్టాలి. అప్పుడు మెనూలు, ఇతర గుర్తులు కనిపించవు. పిల్లలు తాకినా వేరే చోటికి వెళ్లదు.

కరెంటుతోనే తొలి గండం

సెల్‌ఫోను ఛార్జరుతో సరిపెట్టడం చాలామంది చేసే పని. బోర్డు వెలుగుతుంది కూడా. తెర కలిపాక మాత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది. నాలుగో తరం బోర్డుకు 5 ఓల్టుల వద్ద 3 ఆంపియర్లు ఇచ్చే ఛార్జరు కావాలి. ఐదో తరానికి 5 ఆంపియర్లది సిఫార్సు చేస్తారు. 3 ఆంపియర్లదే వాడితే యూఎస్‌బీ రంధ్రాలకు వెళ్లే కరెంటును బోర్డే తగ్గించేస్తుంది. యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకునే హెచ్‌డీఎంఐ తెరలు ఆ కారణంగా మినుకుమంటాయి. ఓల్టేజీ 4.63 కన్నా పడిపోతే తెర మూలన మెరుపు గుర్తు కనిపిస్తుంది. సన్నని, పొడవాటి కేబుల్ వాడినా ఇదే జరుగుతుంది. ఆ గుర్తును చూసీ చూడనట్లు వదిలేయడం తగదు.

ఇంతకన్నా పెద్ద ముప్పు హఠాత్తుగా పోయే కరెంటు. బోర్డు కార్డుపై ఏదో రాస్తున్న క్షణంలో సరఫరా ఆగితే అక్కడున్న సమాచారం చెదిరిపోతుంది. రోజులో పలుమార్లు కరెంటు పోయి వచ్చే చోట నెలల్లోనే కార్డు పనికిరాకుండా పోవచ్చు. పల్లెల్లో పెట్టిన పరికరాలు మూలన పడటానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. దీనికి విరుగుడు బోర్డులోనే ఉంది. కాన్ఫిగరేషన్ మెనూలోని ఓవర్‌లే ఫైల్ సిస్టం అనే సదుపాయాన్ని ఆన్ చేస్తే కార్డుపై ఇక ఏదీ రాయదు. మార్పులన్నీ తాత్కాలిక మెమొరీలోనే జరిగి, కరెంటు పోగానే చెరిగిపోతాయి. మళ్లీ వెలిగినప్పుడు మొదటి రోజులా తాజాగా లేస్తుంది. ఇలా చేసినప్పుడు రోజూ మారే వివరాలను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునేలాగానో, వేరే పెన్ డ్రైవ్‌లో ఉంచేలాగానో చూసుకోవాలి.

బ్యాటరీ ఏర్పాటు కూడా భారమేమీ కాదు. బోర్డు, తెర కలిపి సుమారు 7 వాట్లు తీసుకుంటాయనుకుంటే, యూపీఎస్‌లలో వాడే 12 ఓల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 84 వాట్ అవర్లు ఉంటాయి. బ్యాటరీ చెడిపోకుండా సగమే వాడుకున్నా ఆరు గంటలు నడుస్తుంది. 12 ఓల్టులను 5కు తగ్గించే కన్వర్టరు ఒకటి మధ్యలో ఉండాలి.

ఎండ, దుమ్ము

నంద్యాల ప్రాంతంలో వేసవిలో 44, 45 డిగ్రీలు సాధారణం. నాలుగో తరం బోర్డుకు చుట్టూ ఉండే గాలి వేడి 50 డిగ్రీలు మించరాదని తయారీదారు నిర్దేశించారు. రేకుల కప్పు కింద, మూసిన ఇనుప పెట్టెలో ఆ హద్దు దాటడం ఎంతసేపు? చిప్పు వేడి 80 డిగ్రీలకు చేరితే బోర్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. తెరను తాకితే ఆలస్యంగా పలకడానికి మధ్యాహ్నపు ఎండే కారణం కావచ్చు. పెట్టెకు అడుగున, పైన గాలి రంధ్రాలు ఉంచి, చిప్పుపై అల్యూమినియం పలక అంటించాలి. మిరప కల్లాలు, పత్తి ఏరే రోజుల్లో ఫ్యాన్లు దుమ్ము, నూగుతో బిగుసుకుపోతాయి గనుక ఫ్యాను లేని పలకే నయం. రంధ్రాలకు సన్నని జాలీ తప్పక బిగించాలి. బల్లులకు వెచ్చని చోటంటే ప్రీతి. ఎండ నేరుగా పడే గోడపై తెర కనిపించదు కూడా.

పాత తేదీతో ప్రమాదం

పైవన్నీ సరిచూసుకున్నా చివర ఒక చిక్కు మిగులుతుంది. అన్నింటిలోకీ ఇదే కీలకం. నాలుగో తరం వరకు వచ్చిన బోర్డుల్లో గడియారాన్ని నడిపే బ్యాటరీ లేదు. ఇంటర్నెట్ ఉంటే సమయాన్ని అక్కడి నుంచి తెచ్చుకుంటాయి. లేనప్పుడు చివరిసారి కార్డుపై రాసుకున్న సమయం నుంచే లెక్క మొదలుపెడతాయి. ఓవర్‌లే ఆన్ చేశాక కార్డుపై ఏదీ రాయదు కాబట్టి, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ సదుపాయం పెట్టిన నాటి తేదీకే బోర్డు వెనుదిరుగుతుంది. నెట్ పనిచేయని రోజున మూడు నెలల నాటి తేదీని, ఆనాటి కాల్వ నీటి వివరాలను తెర ధీమాగా చూపిస్తుంది. పరుగున వచ్చి చూసిన రైతు నిజమని నమ్మి నారు పోస్తే నష్టం ఎవరిది? నోటి మాటను నలుగురినడిగి సరిచూసుకుంటాం. వెలిగే తెరను ఎవరూ ప్రశ్నించరు. తప్పు చెప్పే తెర కన్నా ఆరిపోయిన తెర వెయ్యి రెట్లు నయం.

ఇందుకు బిళ్ల బ్యాటరీతో నడిచే డీఎస్ 3231 అనే గడియారపు చిప్పును పిన్నులకు తగిలించుకోవచ్చు. 2023లో వచ్చిన ఐదో తరం బోర్డులో గడియారం లోపలే ఉంది. దాని చిన్న బ్యాటరీని మాత్రం విడిగా కొని కలపాలి. పేజీ తయారు చేసేవారు ప్రతి వివరం పైన 'ఈ సమాచారం ఫలానా తేదీన చేర్చినది' అని అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో చూపాలి. రెండు రోజులు దాటిన వివరాలు వాటంతట అవే తొలగిపోయి, 'తాజా సమాచారం అందలేదు, కార్యాలయంలో విచారించండి' అన్న వాక్యం కనిపించేలా నాలుగు వరుసల ప్రోగ్రాము రాయడం కంప్యూటరు చదివిన విద్యార్థికి కష్టం కాదు.

వివరాలను రోజూ చేర్చే మనిషి ఎవరన్నది తెర కొనడానికి ముందే తేల్చుకోవాలి. గ్రంథాలయమైనా, పాల కేంద్రమైనా, పాఠశాలైనా ఒకరి పేరు ఆ పనికి ఉండాలి. పాఠశాలలో పెడితే వేసవి సెలవుల్లో ఎవరు చూస్తారన్న ప్రశ్న వస్తుంది. కాల్వ నీటి కోసం రైతులు ఆరాటపడేది సరిగ్గా సెలవులు ముగిసే రోజుల్లోనే.

ధరల విషయానికొస్తే, 2025 చివరిలో మెమొరీ చిప్పుల ఖరీదు పెరగడంతో ఈ బోర్డుల ధరలూ పెరిగాయి. ఒక పేజీ చూపడానికి 2 జీబీ మెమొరీ ఉన్నది చాలు. ఎక్కువ మెమొరీ కోసం డబ్బు పోసే కన్నా ఆ మొత్తంతో మంచి ఛార్జరు, గడియారపు చిప్పు, రెండో మెమొరీ కార్డు కొనడం తెలివైన పని. అంతా సవ్యంగా నడుస్తున్న రోజునే కార్డుకు నకలు తీసి, కవరులో పెట్టి, పైన తేదీ, వినియోగదారు పేరు రాసి పెట్టె లోపలే అంటించి ఉంచాలి. అమర్చిన విద్యార్థి పై చదువులకు హైదరాబాద్ వెళ్లిపోయినా, కార్డు చెడిన రోజున పాతది తీసి కొత్తది దూర్చడం ఎవరైనా చేయగలరు.